జింక ఎంత దూరంలో ఉంది? లేసర్‌ను అడుగుదాం!

మీ ఇంటి డాబా మీద నిలబడి దూరంగా కనిపించే తాటిచెట్టును చూడండి. అది ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఊహించి ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనున్న మిత్రుణ్ణి కూడా రాయమనండి. తర్వాత ఇద్దరూ అడుగులు లెక్కపెట్టుకుంటూ చెట్టు దాకా నడిచి చూడండి. ఇద్దరి లెక్కా తప్పే కావచ్చు! దగ్గరి వస్తువుల విషయంలో మన రెండు కళ్ళూ కలిసి దూరాన్ని బాగానే పట్టుకుంటాయి. వందల మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ నేర్పు పనిచేయదు. గాలి తేటగా ఉంటే కొండ దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది, మంచు పట్టితే దూరం జరిగినట్టు ఉంటుంది. మధ్యలో లోయ అడ్డం ఉంటే అవతలి గట్టు చేయి చాస్తే అందేలా తోస్తుంది.

తాటిచెట్టు దూరం తప్పు చెప్పినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు. అమెరికాలోని వ్యోమింగ్ మైదానాల్లో వేటగాడికి మాత్రం ఈ తప్పు చిన్నది కాదు. అక్కడ ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు ఉంది. గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు. చెట్లు లేని బయలు ప్రదేశం, దానికి తోడు దాని చురుకైన చూపు. మనిషి దగ్గరికి వెళ్ళేలోపే పసిగట్టేస్తుంది. అక్కడ ప్రభుత్వ అనుమతి పత్రం తీసుకుని వేటాడడం చట్టసమ్మతమే. అందుకే చాలామంది దూరం నుంచే తుపాకీ పేలుస్తారు. మన దేశంలో 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఈ సమస్య మనది కాదు. అయినా ఇందులో ఉన్న భౌతికశాస్త్రం మన తరగతి గదిలోదే.

తుపాకీ గుండు సూటిగా వెళుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గొట్టం దాటిన క్షణం నుంచే గురుత్వాకర్షణ దాన్ని కిందికి లాగుతుంది, చేతిలోంచి జారిన రాయిని లాగినట్టే. గుండు వేగం సెకనుకు 800 మీటర్లు అనుకుందాం. గాలి అడ్డుకోవడాన్ని ప్రస్తుతానికి మరచిపోదాం. 500 మీటర్లు వెళ్ళడానికి 0.625 సెకను పడుతుంది. మీ పుస్తకంలోని సూత్రం ప్రకారం ఆ కాలంలో గుండు సుమారు 191 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అంటే మనిషి ఎత్తు కంటే ఎక్కువ! ఆ మేరకు తుపాకీ మూతిని కాస్త పైకెత్తి గురి చూడాలి.

ఇప్పుడు అసలు చిక్కు. జంతువు 500 మీటర్లలో ఉందనుకుని మూతి ఎత్తాడు, కాని అది నిజానికి 550 మీటర్లలో ఉంది. మూతి ఎత్తినందువల్ల ఆ దూరానికి గుండు సుమారు 210 సెంటీమీటర్లు పైకి రావాలి. గురుత్వాకర్షణ వల్ల దిగేది సుమారు 232 సెంటీమీటర్లు. కాబట్టి గుండు గురి కంటే ఇరవై సెంటీమీటర్లకు పైగా కింద తగులుతుంది. గాలి నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఇలాంటి జంతువులో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. దాని నడిమికి గురిచూసిన గుండు ఆ చోటును తప్పి కాలు విరగ్గొట్టవచ్చు. గాయపడ్డ జంతువు పారిపోయి ఏ పొద మాటునో గంటల తరబడి బాధపడి చస్తుంది. యాభై మీటర్ల పొరపాటుకు మూల్యం చెల్లించేది వేటగాడు కాదు, ఆ మూగజీవి.

ఈ యాభై మీటర్ల సందేహాన్ని తీర్చేదే లేసర్ దూరమాపకం. 1960 మే నెలలో థియోడర్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో కెంపు కడ్డీతో మొదటి లేసర్‌ను వెలిగించాడు. తర్వాత కొద్ది సంవత్సరాలకే సైన్యాలు దాన్ని దూరం కొలవడానికి వాడుకోవడం మొదలుపెట్టాయి. నేడు ఆ పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది.

అది పనిచేసే తీరు చాలా తేలిక. మీరు కొండ ఎదుట నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది కదా! కేకకూ ప్రతిధ్వనికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే కొండ దూరం తెలుస్తుంది. ఇక్కడ కేక బదులు కాంతి. మీట నొక్కగానే కంటికి కనిపించని పరారుణ కాంతి మెరుపులు వెళ్ళి, లక్ష్యానికి తగిలి, అందులో రవ్వంత వెనక్కి వస్తుంది. అయితే కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. 500 మీటర్లు పోయి రావడానికి పట్టే కాలం సెకనులో పది లక్షల వంతులు మూడింటికి కొంచెం పైన, అంతే! దూరంలో ఒక్క మీటరు తేడాను పట్టుకోవాలంటే సెకనులో వంద కోట్ల వంతులు ఏడింటిని కొలవగల గడియారం కావాలి. అలాంటి ఎలక్ట్రానిక్ గడియారం ఆ చిన్న పెట్టెలో ఉంది. ఒక్క మెరుపును నమ్ముకోకుండా అనేక మెరుపులు పంపి సగటు తీసుకోవడం మామూలు.

మరి దుకాణంలో ఇలాంటి పరికరాలు వరసగా పెట్టి ఉంటే దేన్ని ఎంచుకోవాలి? పెట్టె మీద పెద్ద అక్షరాలతో '1000 గజాలు' అని ఉంటుంది. ముందు దాన్ని అనుమానించండి. ఆ దూరం తళతళలాడే రోడ్డు పలకలాంటి వస్తువుకు చెప్పింది. జింక ఒంటి మీది వెంట్రుకలు అద్దం కావు. పడ్డ కాంతిలో చాలా భాగాన్ని మింగేసి, మిగిలింది నలుదిక్కులా చిమ్ముతాయి. దూరం రెట్టింపైతే తిరిగి వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే జింక విషయంలో ఆ అంకె సగానికో, అంతకంటే తక్కువకో తగ్గుతుంది. గజాలు, మీటర్ల తేడా కూడా మరవకండి. 500 గజాలంటే 457 మీటర్లే.

తర్వాత చూడవలసింది కాంతిపుంజం ఎంత వెడల్పవుతుందన్నది. లేసర్ కిరణం దారంలా సన్నగానే పోతుందని కథల్లో రాస్తారు. అదీ విచ్చుకుంటుంది. ప్రతి 1000 మీటర్లకు 2 మీటర్లు విచ్చుకునే పుంజం 500 మీటర్ల దగ్గర ఒక మీటరు వెడల్పు అవుతుంది. అంత వెడల్పులో జింకతోబాటు ముందున్న గడ్డి, వెనకున్న బండ కూడా పడతాయి. పరికరం ఏ ప్రతిధ్వనిని లెక్కలోకి తీసుకుంది? గడ్డిదా, జింకదా, బండదా? మంచి పరికరాల్లో 'మొదటి వస్తువు', 'చివరి వస్తువు' అని ఎంచుకునే ఏర్పాటు ఉంటుంది. వాన, పొగమంచు ఉన్న రోజున నీటి బిందువులే కాంతిని తిప్పికొట్టి గందరగోళం చేస్తాయి. నన్నడిగితే, ఎక్కువ దూరం చూపే యంత్రం కంటే సన్నని పుంజం గల యంత్రమే మేలు.

కొండ మీంచి కిందికి కాల్చేవాడికి ఇంకో లెక్క కావాలి. పదో తరగతి వాళ్ళకు కొసైన్ తెలుసు. ఏటవాలు దూరం 400 మీటర్లు, వాలు 30 డిగ్రీలు అయితే గురికి లెక్కలోకి వచ్చే అడ్డదూరం సుమారు 346 మీటర్లే. వాలును కొలిచి ఈ గుణకారం తానే చేసే పరికరాలు ఉన్నాయి. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని అడిగే మీ స్నేహితుడికి ఈ లెక్క చూపండి! ఇక కంటికి హాని చేయని మొదటి తరగతి లేసర్ అని ముద్ర ఉందో లేదో కూడా చూసుకోవాలి. బజారులో దొరికే ఎర్ర లేసర్ దీపాలు అన్నీ అంత సాధువులు కావు. వాటిని ఎవరి కంటికేసీ తిప్పకండి.

ఇన్ని తెలిసినా లేసర్‌కు తెలియనివి రెండు మిగిలాయి. దారిలో గాలి ఎటు వీస్తోందో మామూలు దూరమాపకం చెప్పదు. ఆ 0.625 సెకనులో జంతువు ఒక అడుగు ముందుకు వేస్తుందా అన్నది ఏ యంత్రమూ చెప్పలేదు. గుండు బయల్దేరాక అది కదిలితే సరైన దూరం తెలిసి కూడా గురి తప్పుతుంది. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు అమెరికా వేటగాళ్ళ పాత సంఘం. ఎంత దూరం కొట్టగలమో చూసుకోవడానికి, పరికరాలను పరీక్షించుకోవడానికి ప్రాణమున్న జంతువును లక్ష్యం చేసుకోవడం వేటే కాదని ఆ సంఘమే ప్రకటించింది. కొలిచే యంత్రం బాగుపడిన కొద్దీ ఇంకా దూరం నుంచి కాల్చాలనే ఉబలాటం పెరగడం వింతే మరి!

ఇదే పద్ధతిలో మనవాళ్ళు రోడ్డు మీద బండ్ల వేగం పట్టుకుంటున్నారు, సర్వేయర్లు పొలాలు కొలుస్తున్నారు. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుడి మీద వదిలివచ్చిన అద్దాలకు భూమి నుంచి లేసర్ కొడితే సుమారు రెండున్నర సెకన్లలో జవాబు వస్తుంది. చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు మనకు దూరమవుతున్నాడని అలాగే తెలిసింది.

మన అడవుల్లో కూడా ఈ పరికరానికి ఒక పని ఉంది. ఊరి మీద పడిన ఏనుగునో, బావిలో పడిన చిరుతనో కాపాడవలసి వచ్చినప్పుడు పశువైద్యుడు మత్తుమందు సూదిని గాలి తుపాకీతో కొడతాడు. ఎంత దూరానికి ఎంత వాయువు ఒత్తిడి పెట్టాలో ముందే పట్టిక ఉంటుంది. ఒత్తిడి తగ్గితే సూది చేరదు, ఎక్కువైతే కండను చీల్చుకుని లోపలికి దిగి జంతువుకు గాయమవుతుంది. అందుకని లేసర్‌తో ముందు దూరం చూసుకుని, ఆ అంకె ప్రకారం ఒత్తిడి మీట తిప్పి, ఆ తర్వాతే గురిచూస్తారు.