ఒక్క మూటలో గణన సామగ్రి: మాండలిక పరిశోధకులు గమనించవలసిన కొన్ని విషయాలు

హోసూరు ప్రాంతపు పల్లెల్లో సేకరించిన మాటల ఫైలు ఒకటే. అందులోని వేర్వేరు పదరూపాలను లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము కూడా ఒకటే. మా గదిలోని లినక్స్ కంప్యూటర్ మీద అది సవ్యంగా నడిచింది. బరంపురం నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి తన విండోస్ ల్యాప్‌టాప్‌లో అదే పని చేయబోతే ఫైలు చదవడం దగ్గరే ఆగిపోయింది. ఎవరో చెప్పిన చిట్కా ప్రకారం, చదవలేని బైట్లను వదిలేసి ముందుకు పొమ్మని ప్రోగ్రాముకు ఒక మాట చేర్చాడు. అప్పుడు నడిచింది గాని, వచ్చిన సంఖ్య మా సంఖ్యకంటె తక్కువ. ఇద్దరివీ ఒకే సాఫ్ట్‌వేర్ మూటలు, ఒకే పైథాన్. తప్పు యంత్రానిదా, మూటదా, మనదా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాము. మొత్తం సంఖ్యనే చూశాము తప్ప, మాటల పట్టిక తెరిచి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

ఆ సంగతి చెప్పే ముందు, తెలుగు శాఖలకు ఈ సామగ్రితో పనేమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. మాండలికాల మధ్య దూరాన్ని సంఖ్యలతో కొలిచే పద్ధతిని 1970ల తొలినాళ్ళలో ఫ్రాన్సులో గాస్కనీ ప్రాంతపు అట్లాసు మీద ఝాఁ సెగీ మొదలుపెట్టాడు. ఒక మాటను మరో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అని లెక్కించే లెవెన్‌ష్టైన్ దూరాన్ని బ్రెట్ కెస్లర్ 1995లో ఐరిష్ గేలిక్ మాండలికాలకు వాడాడు. మన పరిస్థితికి అన్వయించి చూద్దాం. కృష్ణగిరి, కోలారు, గంజాం, షోలాపురం, యానాం ప్రాంతాలలో కలిపి నలభై ఊళ్ళు, ఒక్కో ఊళ్ళో ఐదువందల మాటలు తీసుకున్నామనుకోండి. ఊళ్ళ జంటలు 780. పోల్చవలసిన మాటల జంటలు 3,90,000. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువడిన 1962 నాటికి మన పరిశోధకుల చేతిలో ఇటువంటి సాధనం లేదు. ఈనాడు ఒక మామూలు ల్యాప్‌టాప్ ఆ పనిని చూస్తుండగానే ముగిస్తుంది. ఆ మీదట ఊళ్ళను గుంపులుగా చేసి వృక్షచిత్రం గీయడానికి సైపై వంటి గణిత లైబ్రరీలు కావాలి. మూట అవసరం అక్కడ మొదలవుతుంది.

మనం రాసేది పైథాన్‌లో నాలుగు పంక్తులే. దాని కింద నంపై ఉంది, దానిమీద సైపై ఉంది. వాటి లోలోపల సి భాషలోను, ఫోర్ట్రాన్‌లోను రాసిన పాత కట్టడం ఉంది. సదిశల లెక్కలకు ప్రమాణమైన బ్లాస్ 1979 నాటిది. మాతృకల లెక్కలకు వాడే లాపాక్ 1992 నాటిది. పైథాన్ పంక్తులు ఏ యంత్రం మీదనైనా అలాగే ఉంటాయి. కింది అంతస్తులు అలా కాదు. వాటిని ఒక్కో ఆపరేటింగ్ సిస్టానికి, ఒక్కో జాతి ప్రాసెసరుకు విడివిడిగా యంత్రభాషలోకి కంపైలు చేయాలి. లినక్స్ మీద అందుకు కావలసిన కంపైలర్లు ఉచితంగా దొరికేవి. విండోస్ మీద మైక్రోసాఫ్ట్ సి కంపైలరుతో పొసగే ఉచిత ఫోర్ట్రాన్ కంపైలరు చాలాకాలం దొరకలేదు. భాషాశాస్త్రం చదివినవాడు ఫోర్ట్రాన్ కంపైలరు వెంట పడితే, మాండలికం సంగతి మరుసటి సంవత్సరానికి పోతుంది.

ఈ బాధ నుంచి పుట్టినవే మూటలు. 2001లో ట్రావిస్ ఆలిఫంట్, పెరు పీటర్సన్, ఎరిక్ జోన్స్ తదితరులు సైపైని ఆరంభించినప్పుడు, విడివిడిగా పడివున్న పనిముట్లను ఒకచోట చేర్చి అందరికీ ఎక్కించుకోవడం సులువు చేయాలన్నది వారి ఉద్దేశాలలో ఒకటి. ఆ తరువాత ఎన్‌థాట్ సంస్థ తన పైథాన్ మూటను పంచింది. 2008లో పియెర్ రేబో విండోస్ కోసం పైథాన్-ఎక్స్-వై అనే మూట కట్టాడు. కాలిఫోర్నియాలోని అర్వైన్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో క్రిస్టఫ్ గోల్కె అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి విండోస్‌కు కావలసిన వందలాది లైబ్రరీలను కంపైలు చేసి ఉచితంగా ఉంచాడు. ప్రపంచంలో ఎందరో పరిశోధకుల పని ఒక్క మనిషి ఓపిక మీద నడిచిందంటే అతిశయోక్తి కాదు. ఆ ప్రయోగశాలలో ఆ సేవ 2022లో ఆగింది. సైపై 1.0 విడుదలైన 2017లోగాని, విండోస్‌కు పిప్‌తో నేరుగా ఎక్కించుకోదగిన, సిద్ధంగా కంపైలు చేసిన వీల్ రూపం ఆ లైబ్రరీ రచయితల నుంచే అధికారికంగా రాలేదు.

ఈలోగా 2012లో ట్రావిస్ ఆలిఫంట్, పీటర్ వాంగ్ కలిసి స్థాపించిన కంటిన్యువం సంస్థ అనకొండ అనే మూటను, దానితోబాటు కొండా అనే నిర్వాహక ప్రోగ్రామును తెచ్చింది. (పేరు విని పామును తలచుకోనక్కర లేదు, పైథాన్ కూడా పామే గదా అన్న చమత్కారం.) విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ ఒకే పేరుతో, ఒకే అమరికతో లభించడం దాని పెద్ద బలం. కొండా చేసే పనిని గది ఉపమానంతో చెప్పవచ్చు. ఒక్కో పరిశోధనకు ఒక్కో గది. ఒక గదిలో నంపై పాతది, ఇంకో గదిలో కొత్తది ఉండవచ్చు, ఒకదానినొకటి తాకవు. ఏ లైబ్రరీకి ఏ వెర్షను తోడు కావాలో లెక్కగట్టి, సరిపోయే జతలనే ఆ గదిలోకి తెస్తుంది. పైథాన్ లైబ్రరీలనే కాక వాటి కింది సి, ఫోర్ట్రాన్ భాగాలను కూడా తనే తెస్తుంది.

లైసెన్సు సంగతి ఒకటి మా శాఖాధిపతులకు మనవి. అనకొండ సంస్థ 2020లో నిబంధనలు మార్చి, రెండువందల మందికి మించిన సంస్థలు దాని భాండాగారాన్ని వాడితే రుసుము చెల్లించాలన్నది. విద్యాసంస్థల విషయంలో ఆ నిబంధనలు తరువాత కూడా మారుతూ వచ్చాయి. కాబట్టి సంతకం చేసేముందు తాజా పాఠం చదువుకోవాలి. 2015లో మొదలై స్వచ్ఛంద సేవకులు నిర్వహిస్తున్న కొండా-ఫోర్జ్ భాండాగారానికి ఈ పేచీ లేదు. దాని చిన్న మూట మినీఫోర్జ్. విశ్వవిద్యాలయాలకు మేము దీన్నే సిఫారసు చేస్తాము.

ఇక రెండు సంఖ్యల కథకు వద్దాం. విద్యార్థి ల్యాప్‌టాప్‌లో మూట బాగానే ఉంది. పైథాన్‌కు ఒక ఫైలు ఇచ్చి, దాని లిపి సంకేతం ఫలానా అని చెప్పకపోతే, ఆపరేటింగ్ సిస్టంలో ఉన్న అలవాటునే తీసుకుంటుంది. లినక్స్‌లో ఆ అలవాటు యుటిఎఫ్-8. ఇంగ్లీషు అమరిక ఉన్న విండోస్‌లో అది పాత 1252 అనే పట్టిక. యుటిఎఫ్-8లో తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు. ఉకార గుణింతం గుర్తులో మూడో బైటు 81. పొల్లు గుర్తులో మూడో బైటు 8డి. మొదటి రెండు బైట్లు రెంటికీ ఒకటే. 1252 పట్టికలో 81, 8డి అనే స్థానాలు రెండూ ఖాళీ. అందుకే ప్రోగ్రాము ఆగింది. చదవలేని బైట్లను వదిలేయమన్న తరువాత, ఉకారానికీ పొల్లుకీ మిగిలినవి ఆ మొదటి రెండు బైట్లే. అంటే రెండూ ఒక్కటైపోయాయి!

మాండలిక పరిశోధనలో దీని ఫలితం ఊహించండి. "కాలు" అని ఒక ఊరు, "కాల్" అని మరో ఊరు పలికితే, ఆ పదాంత ఉకారం ఉండడం పోవడమే మనం వెతికే లక్షణం. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ భాషల మధ్య తరతరాలుగా ఉన్న తెలుగువారి మాటలో దేని ప్రభావం ఎంతన్నది ఇటువంటి చిన్న గుర్తుల మీదే తేలాలి. ఆ గుర్తునే యంత్రం మింగేసింది, పైగా సంఖ్య మటుకు నిక్కచ్చిగా చూపింది. ఏ, ఐ అక్షరాల గతీ అంతే. రెంటి చివరి బైట్లూ ఆ పట్టికలో లేవు. ఫైలు తెరిచేచోట యుటిఎఫ్-8 అని ఒక్క మాట చేరిస్తే రెండు సంఖ్యలూ కలిశాయి. పైథాన్ 3.15 నుంచి అన్ని యంత్రాల మీదా ఇదే అలవాటుగా ఉండాలని నిర్ణయం జరిగింది. పాత వెర్షన్లు మన గదుల్లో ఇంకా చాలాకాలం ఉంటాయి గనుక, ఆ మాట రాయడమే క్షేమం.

ఇంకొక ఉచ్చు ఇంతకంటె ప్రమాదకరమైనది, ఎందుకంటే అన్ని యంత్రాల మీదా ఒకేలాగ తప్పు చెబుతుంది. పైథాన్‌తో వచ్చే పదాన్వేషణ పనిముట్టుకు "మాటలో చెల్లే అక్షరం" అనే ఒక వర్గం ఉంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ఆ వర్గంలో చేరవు. దాన్ని ఆధారం చేసుకున్న సైకిట్-లెర్న్ అనే ప్రసిద్ధ లైబ్రరీ, మనం వేరుగా చెప్పకపోతే, రెండక్షరాలకు తగ్గిన ముక్కలను పారేస్తుంది కూడా. దానికి "పలక" పలకగానే అందుతుంది. "మనవడు" వెళితే "మనవడ" వస్తుంది. "అమ్మ" వెళితే "అమ" వస్తుంది. "చెట్టు" మొదలంటా మాయమవుతుంది. రెజెక్స్ అనే వేరే లైబ్రరీ ఈ గుర్తులను మాటలో భాగంగానే చూస్తుంది. లేదా ఖాళీల దగ్గర విడగొట్టమని మనమే చెప్పవచ్చు. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జతగానూ రాయవచ్చు. కంటికి తేడా లేదు, యంత్రానికి రెండు వేర్వేరు మాటలు. లెక్కకు ముందు అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే ప్రమాణీకరణ పైథాన్‌లోనే ఉంది. మూట కట్టినవారు తెలుగును ఎదుట పెట్టుకొని కట్టలేదు. వారిని తప్పు పట్టి లాభం లేదు.

అన్నీ సరిచేసినా యంత్రానికీ యంత్రానికీ స్వల్పభేదం ఉండవచ్చు. దశాంశ సంఖ్యలను కూడే వరుస మారితే చివరి అంకె మారుతుంది. ఇంటెల్ వారి ఎం.కె.ఎల్., ఉచితమైన ఓపెన్‌బ్లాస్ ఒకే వరుసలో కూడవు. సగటు దూరం చివరి అంకెలో తేడా వస్తే మామూలుగా నష్టం లేదు. కాని మాటల దూరాలు పూర్ణాంకాలు గనుక, రెండు జతల ఊళ్ళకు సమానమైన దూరం రావడం తరచు జరుగుతుంది. అప్పుడు ఏ జత ముందు కలుస్తుందన్నది ఆ చివరి అంకె నిర్ణయించి, వృక్షచిత్రంలో ఒక కొమ్మ స్థానం మారవచ్చు. ఆ కొమ్మ మీద ఒక అధ్యాయం రాసినవారు సమదూరాలను ముందే చూసుకోవాలి.

ఇక సిద్ధాంతవ్యాసానికి ఏమి జతపరచాలి? "అనకొండ వాడాను" అని రాస్తే చాలదు. ఆరు నెలల తేడాతో దిగిన రెండు మూటలలో వెర్షన్లు వేరు. కొండా తన గదిలోని సరుకుల జాబితాను ఫైలుగా ఇస్తుంది. పూర్తి జాబితాలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టానికి ప్రత్యేకమైన గుర్తులు ఉంటాయి గనుక, లినక్స్‌లో తీసినది విండోస్‌లో ఎక్కదు. అందుచేత మేము రెండు జాబితాలు ఉంచుతున్నాము: మనం స్వయంగా అడిగిన లైబ్రరీల పేర్లు, వెర్షన్లతో చిన్నది ఒకటి, అది ఏ యంత్రానికైనా పనికివస్తుంది, లెక్క చేసిన యంత్రానికి సంబంధించిన పూర్తిది మరొకటి. వాటి పక్కన సేకరణ ఫైలు, ప్రోగ్రాము, మొదటి వంద మాటల పట్టిక అచ్చు ఉంటాయి. పట్టికను మాత్రం ఆ ఊరి మాట తెలిసినవారు ఒకసారి చదివి, కింద సంతకం చేయాలి.