ఐ.పి. పెడితే అప్పు తీరినట్టేనా?

జుమా నమాజు ముగిశాక విజయనగరంలో ఒక చిరువ్యాపారి నన్ను పక్కకు పిలిచాడు. "హజ్రత్, ఇల్లు బావమరిది పేర రాసేసి ఐ.పి. పెట్టమంటున్నారు. పెట్టనా?"

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సామాన్యుల దివాలాకు నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఆధారం. అప్పులు తీర్చలేని వ్యక్తి, బాకీలు 500 రూపాయలకు తగ్గకుండా ఉన్నా, డిక్రీ అమలులో అరెస్టయినా, ఆస్తి జప్తులో ఉన్నా, తాను నివసించే లేక వ్యాపారం చేసే చోట అధికార పరిధిగల కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. అందులో ఋణదాతలందరి పేర్లు, చిరునామాలు, బాకీల మొత్తాలు, తన ఆస్తుల విలువ చూపాలి. అర్జీతోనే అప్పు రద్దు కాదు. దివాలా ప్రకటన తర్వాత, కోర్టు విధించిన గడువులో విముక్తికి మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఆస్తిని దాచడం శిక్షార్హం. అర్జీకి ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీని కోర్టు రద్దు చేయగలదు.

ఇబ్బందుల్లో ఉన్న ఋణగ్రస్తునికి గడువివ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని దివ్యఖుర్‌ఆన్ (2:280) ఋణదాతకు బోధిస్తున్నది. జకాత్‌లో ఋణగ్రస్తులకూ వాటా ఉన్నది (9:60). అయితే కోర్టు విముక్తి ప్రసాదించినా, ఋణదాత మాఫీ చేయనంతవరకు బాకీ మన మెడ మీదనే ఉంటుంది. స్తోమత కలిగిన నాడు చెల్లించవలసిందే.

అందుకే అతనితో అన్నాను: "నిజంగా చేతకాకపోతే ఐ.పి. పెట్టడం పాపం కాదు, బాబూ. ఇల్లు దాచి పెట్టడమే పాపం."