తొలి రాక్ కచేరీకి ముందు వరుస వద్దు

రాక్ అంటే చెవి కోసుకునేవాళ్లు, ఆ సంగీతం పెద్దగా ఎరగని ప్రాణస్నేహితుణ్ణి మొదటిసారి కచేరీకి తీసుకెళ్లేటప్పుడు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. చేతిలో ఉన్న డబ్బంతా పోసి వేదిక ముందు నిలబడే టికెట్లు కొంటారు. గేటు తెరవగానే పరుగెత్తి బారికేడ్ పట్టుకుంటారు. తమకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే కాబట్టి స్నేహితుడికీ అదే ఇవ్వాలనుకుంటారు. ప్రేమలో లోపం లేదు, లెక్కలోనే ఉంది. తొలిసారి వచ్చినవాళ్లకు మైదానం మొత్తంలో మంచి చోటు మధ్యలో ఉంటుంది. మిక్సర్ ముందేసుకుని సౌండ్ ఇంజినీర్ నిలబడే గుడారానికి కాస్త ముందో, వెనకో, పక్కనో అన్నమాట. వీరాభిమానులకు ఈ మాట చప్పగా అనిపిస్తుందని తెలుసు. అయినా దీని వెనక బలమైన కారణాలున్నాయి.

హైదరాబాద్ కుర్రకారుకు చాలాకాలం పాటు పేరున్న విదేశీ బ్యాండ్‌ను చూడాలంటే బెంగళూరు బస్సెక్కడమే దారి. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబర్ 30న మెటాలికా అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే వాయించాయి. 2018లో గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ హైదరాబాద్‌కే వచ్చాడు. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే కోసం అహ్మదాబాద్ స్టేడియంలో ఒక్కో రాత్రి లక్షమందికి పైగా చేరారు, రైల్వే ప్రత్యేక రైళ్లు కూడా నడిపింది. (కోల్డ్‌ప్లేది అసలు రాకేనా అని మెటల్ అభిమానులు మూతి విరుస్తారు. ఆ తగువు మనకొద్దు.) ఇంత జనం పోగయ్యే చోటికి అందరూ అభిమానులై రారు. స్నేహితుడు రమ్మన్నాడని వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లు మళ్లీ వస్తారా లేదా అన్నది ఆ ఒక్క రాత్రి తేల్చేస్తుంది.

ముందు శబ్దం సంగతి చూద్దాం. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్‌ను చూడ్డానికి 55 వేలమందికి పైగా వచ్చారు. బృందం దగ్గరున్నవి వంద వాట్ల ఆంప్లిఫయర్లు. పాట మాత్రం బేస్‌బాల్ ఆటలప్పుడు ప్రకటనలు వినిపించే స్టేడియం స్పీకర్లలోంచి వచ్చింది. అభిమానుల కేకల్లో వాయించేవాళ్లకే తమ వాయిద్యం సరిగా వినపడలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీతో వాళ్లు పర్యటనలే మానేశారు. దానికి ఇదొక్కటే కారణం కాకపోయినా, ఇదీ ఒక కారణం. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 600కు పైగా స్పీకర్లను తమ వెనక గోడలా పేర్చి ఈ చిక్కు తీర్చాలని చూసింది. అంత సామాను ఊరూరా మోయడం వాళ్ల తరం కాలేదు. ఇప్పుడు వేదికకు రెండు పక్కలా అరటిగెలల్లా వంపుతిరిగి వేలాడుతున్న స్పీకర్ల వరుసలు 1990లలో ఫ్రాన్స్‌లోని ఎల్-ఎకూస్టిక్స్ సంస్థ రూపకల్పనతో వాడుకలోకి వచ్చాయి. ఒక్కో స్పీకర్‌ను ఒక్కో దూరానికి గురిపెట్టి వంపు కడతారు. ఎక్కువ తక్కువలు సరిచేసే ఇంజినీర్ మైదానం మధ్యలో నిలబడి, తన చెవికి వినిపించేదాన్ని బట్టే సరిచేస్తాడు. అంటే ఆ రాత్రి పాట ఎలా వినపడాలని అనుకున్నారో, అలా వినపడేది అక్కడే.

బారికేడ్ దగ్గర నిలబడితే ఆ గెలలు తలకు పైన, పక్కలకు ఉండిపోతాయి. వేదిక అంచున పెట్టే చిన్న స్పీకర్లు కొంత సర్దుతాయి గానీ, డ్రమ్స్, గిటార్ల మోత వేదిక మీంచి నేరుగా మీద పడుతుంది. వేదిక కింద పేర్చిన బేస్ స్పీకర్లు ఛాతీలో గుద్దుతాయి. వీటి మధ్య గాయకుడి మాటలు నలిగిపోతాయి. మరీ వెనక్కి వెళ్తే ఇంకో తంటా. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, 100 మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు తెర మీద పెదవి కదిలాక సెకనులో దాదాపు మూడోవంతు ఆలస్యంగా మాట చేరుతుంది. అభిమానికి ఇవేవీ పట్టవు. పాట అతనికి కంఠతా వచ్చు కనుక చెవికి అందని మాటను జ్ఞాపకం పూరిస్తుంది. కొత్తవాడికి ఆ జ్ఞాపకమే లేదు. అభిమాని పాట వింటున్న చోటే, పక్కనున్న స్నేహితుడు రొద వింటున్నాడు. ఇంటికొచ్చాక ‘ఏముందిరా అందులో, గోల తప్ప’ అంటే తప్పు అతనిది కాదు.

రాక్ అంటేనే మోత కదా, అది భరించలేనివాళ్లు ఇంట్లో కూర్చోవచ్చుగా అనేవాళ్లున్నారు. ఇందులో సగం నిజం. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ సరిగా అందదని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. ఫోన్ స్పీకర్లో విన్న రాక్ సగం రాకే. కానీ చెవికీ ఓ హద్దుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చు. పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది కనుక 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. కచేరీ హాళ్లలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ద హూ బృందపు పీట్ టౌన్‌షెండ్, మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్, కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ ముగ్గురూ చెవుల్లో ఆగని హోరుతో బాధపడినవాళ్లే. కాబట్టి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం సంగీతానికి అవమానమన్న మాట నేనొప్పుకోను. మామూలు ఫోమ్ ప్లగ్స్ పైస్థాయి ధ్వనులను ఎక్కువగా మింగేసి పాటను మందకొడిగా మారుస్తాయన్నది నిజమే. అందుకే సంగీతం కోసమని విడిగా అమ్మేవి కొనాలి, అవి అన్ని స్థాయిలనూ దాదాపు సమంగా తగ్గిస్తాయి. బేస్ ఎలాగూ ఛాతీలోంచి, కాళ్లకింది నేలలోంచి ఒంటికి ఎక్కుతుంది. దూది ఉండలు మాత్రం పెద్దగా పనికిరావు.

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. జనంలో కలిసిపోయి గెంతడంలోనే కచేరీ సారం ఉంది, మధ్యలో నిలబడితే ఆ వేడి ఏదీ అంటారు. ఆ వేడి నిజం, దాని ప్రమాదమూ నిజం. 1979 డిసెంబర్ 3న సిన్సినాటిలో ద హూ కచేరీకి తలుపుల దగ్గర తోపులాటలో 11 మంది చనిపోయారు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డ్ ఉత్సవంలో పెర్ల్ జామ్ వాయిస్తుండగా వేదిక ముందు 9 మంది నలిగి ప్రాణాలొదిలారు. ఇలాంటి చోట్ల జనం ఎక్కువగా పోయేది ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరాడక. 2024 డిసెంబర్‌లో పుష్ప-2 ప్రీమియర్ నాటి సంధ్య థియేటర్ తొక్కిసలాట చూసిన హైదరాబాద్‌కు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. అలవాటున్నవాడికి రద్దీ ఎప్పుడు బిగుస్తోందో, ఎటు జారుకోవాలో తెలుస్తుంది, కొత్తవాడికి తెలియదు. పైగా మధ్యలో ఉన్నవాడు ఊపొస్తే ముందుకు నడవగలడు, బారికేడ్ దగ్గర ఇరుక్కున్నవాడు దాహమేసినా వెనక్కి రాలేడు.

ఖర్చు కూడా ఈ పక్షానే మాట్లాడుతుంది. వేదిక ముందరి జాగా టికెట్టే సాధారణంగా ఖరీదెక్కువ. మిగిలిన డబ్బుతో రెండు జతల మంచి ప్లగ్స్ కొనొచ్చు. బ్యాండ్ చరిత్రంతా స్నేహితుడికి నూరిపోయనక్కర్లేదు గానీ, తప్పక వాయిస్తారనుకున్న నాలుగైదు పాటలు వారం ముందు నుంచీ వినిపించండి. పదే పదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయంట్స్ 1968లోనే చూపించాడు. కచేరీ జరుగుతుండగా మాత్రం చెవిలో వ్యాఖ్యానం వద్దు. టికెట్టు తీసుకునేముందు మైదానం మ్యాప్‌లో మిక్సర్ ఎక్కడుందో, బయటికి దారులు ఎటున్నాయో చూసుకోండి. అయిపోయాక చెవుల్లో హోరు మర్నాటికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.