జ్ఞానదంతం తీయించుకోవాలా?

పాలపళ్లు ఊడి, కొత్తపళ్లు వచ్చి, ఇక ఈ జన్మకు పళ్లు మొలిచే గొడవ తీరిపోయిందని అనుకుంటున్న వయసులో వస్తుంది జ్ఞానదంతం. కాలేజీ పరీక్షలు, కొత్త ఉద్యోగం, పెళ్లిచూపులు, తొలి కాన్పు... సరిగ్గా ఇలాంటి హడావుడిలోనే దవడ చివర సలుపు మొదలవుతుంది. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఈ పళ్లు వస్తాయి. లోకజ్ఞానం వచ్చే వయసులో వస్తాయి కనుక ఆ పేరు. జపాన్‌లో దీన్ని ‘తల్లిదండ్రులకు తెలియనిది’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. కొరియాలో అయితే ‘ప్రేమదంతం’! పేర్లు ఎంత ముచ్చటగా ఉన్నా నొప్పి మాత్రం ఎక్కడైనా ఒకటే.

దంతవైద్యురాలిగా నేను రోజూ చూస్తున్నదేమిటంటే, ఈ పన్ను విషయంలో మన ఆడవాళ్లు రెండు రకాలు. ఒకరకం వాళ్లకి ఏ బాధా ఉండదు. పక్కింటావిడ తీయించుకుందనో, ముందుపళ్లు వంకర పోతాయని ఎవరో అన్నారనో ‘నాలుగూ పీకేయండి డాక్టరుగారూ’ అంటూ వస్తారు. రెండోరకం వాళ్లకి బుగ్గ నాలుగైదుసార్లు వాచి ఉంటుంది. వాచినప్పుడల్లా మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగి, నోరు తెరవలేని పరిస్థితి వచ్చాక వస్తారు. మొదటివారిది తొందర, రెండోవారిది వాయిదా. రెండూ మంచివి కావు. నొప్పి లేని రోజున, ఎక్స్‌రే చేతిలో పెట్టుకుని, నింపాదిగా తీసుకోవలసిన నిర్ణయమిది.

ఎందుకొస్తుంది ఈ తంటా?

మన నోట్లో 32 పళ్లకు చోటుండాలి. చాలామంది దవడల్లో అంత చోటుండదు. అన్నిటికన్నా చివర వచ్చే జ్ఞానదంతాలకే ఈ ఇబ్బంది. నాలుగింటిలో ఒకటో రెండో రానివాళ్లూ, అసలు ఒక్కటీ లేనివాళ్లూ ఉంటారు. అదేమీ లోపం కాదు. వచ్చినవాటిలో కొన్ని తిన్నగా వస్తాయి. కొన్ని ముందుపన్ను మీదికి ఒరుగుతాయి, కొన్ని ఎముకలోనే అడ్డంగా పడుకుంటాయి. పన్ను సగం బయటికి, సగం చిగురు కింద ఉండిపోతేనే అసలు చిక్కు. పన్ను మీద కప్పులా ఉన్న చిగురు కింద మెతుకులూ, కొబ్బరి పీచూ చేరతాయి. అక్కడికి బ్రష్ అందదు. సూక్ష్మక్రిములు పెరిగి చిగురు వాస్తుంది, చీము పడుతుంది, నోరు వాసన వస్తుంది. నొప్పి చెవిలోకి పాకుతుంది, గుటక వేయడం కష్టమవుతుంది. ‘చెవిపోటు’ అనుకుని చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఉంటారు.

ఎవరు తీయించుకోవాలి?

చిగురు వాపు మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు, పన్ను పుచ్చిపోయి బాగుచేసే వీలు లేనప్పుడు, ఒరిగిన పన్ను వల్ల పక్కపన్ను పాడవుతున్నప్పుడు, పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడినప్పుడు తీయించుకోవాల్సిందే. ఇందులో పక్కపన్ను సంగతి చాలామందికి తట్టదు. జ్ఞానదంతం నమలడానికి పెద్దగా పనికిరాకపోవచ్చు గానీ, దాని పక్కనున్నది జీవితమంతా కావలసిన పన్ను. పనికిరానిదాన్ని కాపాడుకుంటూ పనికొచ్చేదాన్ని పోగొట్టుకోకూడదు కదా!

మరి ఏ బాధా లేకపోతే? ఊరికే తీయించుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో ఆరోగ్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ‘నైస్’ 2000 సంవత్సరంలోనే ఈ మాట చెప్పింది. జబ్బు లేని జ్ఞానదంతాన్ని, దవడలో ఇరుక్కుని ఉన్నా సరే, ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దంది. అన్ని దేశాల వైద్యులూ దీన్ని అక్షరాలా పాటించరు. పన్ను ఉన్న తీరు చూసి ముందే తీయడం మేలనే సందర్భాలూ ఉన్నాయి. పాతికేళ్లలోపు వేళ్లు పూర్తిగా ముదరవు, ఎముకా అంత గట్టిపడదు కనుక తీయడం తేలిక, మానడమూ తేలికే. అందుకని ‘తీయాలి’ అని డాక్టరు చెబితే ‘ఎందుకు?’ అని అడగండి. ఎక్స్‌రేలో కారణం చూపించమనండి. అడగడం మర్యాద తక్కువ కాదు, మీ హక్కు. తీయక్కర్లేదని తేలినా, ఏడాదికోసారైనా చూపించుకుంటూ ఉండాలి. ఉంచుకోవడమంటే మరిచిపోవడం కాదు.

కొన్ని అపోహలు

‘పైపన్ను పీకిస్తే కంటిచూపు తగ్గుతుందటగా?’ ఈ ప్రశ్న వేయని పెద్దవాళ్లు అరుదు. పంటికీ చూపుకీ సంబంధం లేదు. చూపునిచ్చే నరం వేరు, పంటి నరం వేరు. ‘జ్ఞానదంతం నెట్టడం వల్లే ముందుపళ్లు వంకరపోతాయి’ అన్నది మరొకటి. ఇది పరిశోధనల్లో రుజువు కాలేదు. వయసుతోపాటు కిందిపళ్లు కాస్త దగ్గరికి జరగడం జ్ఞానదంతం లేనివాళ్లలోనూ జరుగుతుంది. కాబట్టి వంకరపళ్ల భయంతో తీయించుకోకండి.

మాత్రలతో ఎన్నాళ్లు?

ఒకావిడ నాలుగో వాపుతో వచ్చారు. మొదటిసారి వాచినప్పుడు పిల్లాడి పరీక్షలు. రెండోసారి ఆడపడుచు పెళ్లి. మూడోసారి ‘పండగెళ్లాక చూద్దాంలే’ అన్నారట అత్తగారు. ప్రతిసారీ రెండురోజులు మాత్రలు వేసుకోగానే తగ్గిపోయింది. నాలుగోసారి మాత్రం తగ్గలేదు. వాపు బుగ్గనుంచి గడ్డం కిందికి దిగింది. నోట్లోకి వేలు పట్టడం లేదు. ఆవిణ్ణి పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. చీము తీసి, సెలైన్ ద్వారా మందులు ఎక్కించి, వారం ఉంచుకున్నారు. ‘ఓ పూట పోతుందనుకున్నానండీ, వారం పోయింది’ అన్నారు తర్వాత.

వాపు తగ్గినంతమాత్రాన జబ్బు పోయినట్టు కాదు. కారణం అక్కడే ఉంటుంది. పైగా యాంటీబయాటిక్ రెండురోజులు వాడి మానేస్తూ పోతే, నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచెయ్యకపోవచ్చు. ఇంకో సంగతి. ఆస్ప్రిన్ బిళ్ల నలిపి చిగురు మీద పెడుతుంటారు కొందరు. దాంతో చిగురు కాలి తెల్లగా పొక్కుతుంది. లవంగనూనె కూడా నేరుగా పోస్తే అంతే. బుగ్గ వాచినప్పుడు పైనుంచి వేడి కాపడం పెట్టడమూ మంచిది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం ఒక్కటే క్షేమం.

జ్వరంతోపాటు గడ్డం కింద వాపు, నోరు తెరవలేకపోవడం, గుటక పడకపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగకూడదు. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ

‘కడుపుతో ఉన్నాను, పంటికేమీ చేయించుకోకూడదంట’ అని నెలల తరబడి ఓర్చుకునేవాళ్లున్నారు. అది సరికాదు. ఇన్ఫెక్షన్‌ను అలా వదిలేయడమే తల్లికీ బిడ్డకీ ఎక్కువ ప్రమాదం. ఆగడానికి వీలున్న పన్నయితే కాన్పు అయ్యాకే తీస్తాం. తప్పనిసరైతే నాలుగు, అయిదు, ఆరు నెలలు అనువైన కాలం. అవసరమనిపిస్తే తగిన రక్షణతో పంటి ఎక్స్‌రే తీయవచ్చు. మత్తు ఇంజెక్షనూ ఇవ్వవచ్చు. నొప్పి మాత్రలతోనే జాగ్రత్త. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి 20 వారాలు దాటిన గర్భిణులు డాక్టరు చెప్పందే వాడకూడదు. బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది.

పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెబితే దానికి తగిన మందులే రాస్తాం. పాలు మాన్పించాల్సిన అవసరం సాధారణంగా రాదు. పెళ్లి కుదిరిన అమ్మాయిలకూ, పిల్లల కోసం చూస్తున్నవాళ్లకూ నా సలహా ఒక్కటే. ముందుగానే ఓసారి పళ్లు చూపించుకోండి.

ఏం చెప్పాలి? ఏం అడగాలి?

బి.పి., షుగర్, గుండెజబ్బు, ఆస్తమా, ఏదైనా మందు పడకపోవడం... ఏదీ దాచకండి. మీరు వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. కానీ వాటిని మీ అంతట మీరే మానకూడదు. ఎముకలు గుల్లబారినందుకు అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందులు వాడే పెద్దవాళ్లలో పన్ను తీశాక దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. పంటికీ మోకాళ్ల డాక్టరిచ్చిన మందుకీ ఏం సంబంధమని చెప్పకుండా ఊరుకోవద్దు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా మొహమాటపడకుండా చెప్పండి. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఇక అడగాల్సినవి. కింది దవడ ఎముకలోంచి పెదవికి స్పర్శనిచ్చే నరం ఒకటి వెళ్తుంది. మీ పంటి వేళ్లు దానికెంత దగ్గరగా ఉన్నాయో అడగండి. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో ఇది తెలుస్తుంది. మరీ దగ్గరనిపిస్తే సీబీసీటీ అనే స్కాన్ తీయిస్తారు. నరం ఒత్తుకుంటే కింది పెదవి, గడ్డం కొన్నాళ్లు మొద్దుబారవచ్చు. చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. శాశ్వతంగా ఉండిపోవడం నూటికి ఒకరికన్నా తక్కువమందిలోనే. అయినా ఆ సంగతి ముందుగా తెలుసుకుని ఒప్పుకోవడం వేరు, తర్వాత తెలిసి బాధపడటం వేరు. పన్ను ఎముకలో లోతుగా ఉంటే నోటి, దవడ శస్త్రచికిత్సలో ఎం.డి.ఎస్. చేసిన సర్జన్ చేత తీయించుకోవడం మంచిది. ఖర్చు గురించి బెంగపడేవారికి హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్యశాలలు ఉన్నాయి.

ఆ రోజు

మామూలు మత్తు ఇంజెక్షనే అయితే ఖాళీ కడుపుతో రాకండి. టిఫిను తిని, రోజూ వాడే మందులు వేసుకుని రండి. పూర్తిగా మత్తు ఇచ్చి చేసేటట్టయితే మాత్రం డాక్టరు చెప్పినన్ని గంటలు ఏమీ తినకూడదు. ఇంజెక్షన్ తర్వాత నొప్పి తెలియదు గానీ, నొక్కుతున్నట్టూ లాగుతున్నట్టూ తెలుస్తుంది. నొప్పే అనిపిస్తే చెయ్యి ఎత్తండి, ఇంకాస్త మందు ఇస్తారు. చిగురు కొద్దిగా కోసి, అవసరమైతే చుట్టూ ఎముక కాస్త తొలిచి, పన్నును రెండు మూడు ముక్కలు చేసి తీస్తారు. ముక్కలు చేశారని భయపడొద్దు, ఎముక తక్కువ కోయడానికే అలా చేస్తారు. తర్వాత కుట్లు వేస్తారు. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

ఆ తర్వాత వారం

పన్ను తీసినచోట ఏర్పడే రక్తపు గడ్డే అసలైన మందు. అది కదలకుండా చూసుకుంటే సగం గెలిచినట్టే. డాక్టరు పెట్టిన గాజుగుడ్డను అరగంట, ముప్పావుగంట గట్టిగా కరిచి పట్టండి. ఆరోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. లాలాజలంలో కాస్త ఎరుపు కనబడితే కంగారుపడకుండా మింగేయండి. నోటినిండా రక్తం వస్తూనే ఉంటే శుభ్రమైన గాజుగుడ్డ మళ్లీ కరిచిపట్టి డాక్టరుకు ఫోన్ చేయండి. మొదటిరోజు బుగ్గమీద ఐసుముక్కలు బట్టలో చుట్టి పెట్టుకోవచ్చు. ఒకరోజు గడిచాక గోరువెచ్చని ఉప్పునీళ్లు, భోజనం చేసినప్పుడల్లా.

తిండికి లోటేం ఉండదు. చల్లారిన జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, పప్పు కలిపిన మెత్తటి అన్నం, మజ్జిగ, అరటిపండు చాలు. ఆవకాయ, వేడి కాఫీ, జంతికల జోలికి ఓ వారం పోవద్దు. మత్తు దిగేవరకు ఏమీ నమలొద్దు, పెదవి కొరుక్కున్నా తెలియదు.

వాపు రెండు మూడు రోజులదాకా పెరిగి తర్వాత తగ్గుతుంది. నోరు సరిగా తెరుచుకోవడానికి వారం పట్టవచ్చు. ఇవి మామూలే. కానీ తగ్గుతున్న నొప్పి మూడోరోజు ప్రాంతంలో ఒక్కసారిగా పెరిగి, చెవిలోకి పోటు వస్తూ, నోరు దుర్వాసన వేస్తే రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందని అనుమానించాలి. దీన్నే ‘డ్రై సాకెట్’ అంటారు. కింది జ్ఞానదంతాల విషయంలో ఇది మిగతా పళ్లకన్నా ఎక్కువ. పొగతాగేవారిలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో మరింత ఎక్కువ. ఇందాక ఆ మాత్రల సంగతి చెప్పమన్నది ఇందుకే. భయపడనక్కర్లేదు. డాక్టరు అక్కడ శుభ్రం చేసి మందు పెడితే చాలామందికి అదేరోజు ఉపశమనం కలుగుతుంది. నొప్పి మాత్రల మోతాదు పెంచుకుంటూ ఇంట్లో కూర్చోకండి.

చివరిగా ఇంట్లోవాళ్లకో మాట. పన్ను తీయించుకున్న మనిషికి కనీసం రెండురోజులు విశ్రాంతి కావాలి. పొయ్యి దగ్గర నిలబడటం, వంగి ఇల్లు తుడవడం, నీళ్ల బిందెలు మోయడం వల్ల రక్తం మళ్లీ కారవచ్చు. ‘చిన్న పన్నేగా’ అని ఆ రాత్రికే వంట చేయించడం భావ్యం కాదు. చాలామంది ఆడవాళ్లు వాయిదా వేసేది సూదికి భయపడి కాదు, ఆ రెండురోజులు ఇల్లెవరు చూస్తారన్న బెంగతోనే. వంటిల్లు ఎవరు చూసుకోవాలో ముందు తేల్చండి. డాక్టరు దగ్గర తేదీ ఆ తర్వాత ఖాయం చేసుకోవచ్చు.