అత్తయ్య గుండెకు స్టిక్కరు కాపలానా?

మా అత్తయ్యకు పేస్‌మేకర్ పెట్టించి ఇంటికి తీసుకొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ సెల్‌ఫోన్ ముట్టుకోవడం మానేశారు. "అది దగ్గర పెట్టుకుంటే గుండె ఆగిపోతుందటమ్మా" అని ఎవరో అన్న మాట పట్టుకుని కూర్చున్నారు. పుణేలో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానని చెప్పు" అని నాకే పురమాయించేవారు. కూతురితో రోజూ మాట్లాడనిదే నిద్రపోని మనిషి!

ఆ బాధ చూడలేక, రేడియేషన్ ఆపుతుందంటూ అమ్ముతున్న బంగారురంగు స్టిక్కరు ఒకటి ఆరొందలు పోసి కొన్నాను. ఫోన్ వెనక అతికించి చూపించాను. "ఇది పనిచేస్తుందని నీకెలా తెలుసు?" అన్నారావిడ. నిజమే, నాకెలా తెలుసు?

ముందు వంటింట్లోనే పరీక్ష పెట్టాను. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు ఫోన్‌కి వదులుగా చుట్టి, మా అబ్బాయి చేత ఫోన్ చేయించాను. శుభ్రంగా మోగింది. అంచులన్నీ గట్టిగా మడిచి మూడు వరసలు చుడితే మాత్రం "అందుబాటులో లేరు" అంది. అంటే అన్నివైపులా మూస్తేనే కవచం. 1836లో లండన్‌లో మైకేల్ ఫారడే రేకు అతికించిన గదిలో తాను కూర్చుని, బయట నిప్పురవ్వలు రేగుతున్నా ఆ విద్యుత్తు లోపలికి రాదని నిరూపించింది ఇలాగే. మైక్రోవేవ్ ఓవెన్ తలుపులోని జల్లెడా అందుకే. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, చిల్లు ఏ మిల్లీమీటరో రెండో. వెలుతురు వస్తుంది గానీ తరంగం రాదు.

మరి ఒక మూల అంటించే స్టిక్కరు ఏం ఆపుతుంది? తరంగాలు ఫోన్ మొత్తం నుంచీ వస్తాయి. 2002లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి బిళ్ళలు అమ్మిన రెండు కంపెనీల మీద కేసు పెట్టింది. సిగ్నల్‌కి అడ్డుపడితే, టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ శక్తి వాడొచ్చు కూడా. కొరివితో తల గోక్కున్నట్టేగా!

అలాగని పలుచటి కవచాలన్నీ బూటకం కావు. 2011లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో టైటానియం, కార్బన్‌లతో 'మ్యాక్సీన్' అనే పదార్థం తయారుచేశారు. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. నీళ్లలో సిరాలా కలిపి పూతగా పిచికారీ చేయొచ్చు. 2016లో కొరియా శాస్త్రజ్ఞులతో కలిసి వాళ్లు పరీక్షించిన 45 మైక్రాన్ల పొర, వెంట్రుకంత సన్నంది, 92 డెసిబెళ్ల రక్షణ ఇచ్చింది. వందకోట్లలో ఒక వంతు తరంగం కూడా దాటలేదన్నమాట! లోహంలా కరెంటు పారనిస్తుంది కనుక వచ్చిన తరంగాన్ని చాలావరకు వెనక్కి కొడుతుంది. లోపలికి దూరిన కాస్తా మడతకాజాలాంటి పొరల మధ్య అటూ ఇటూ కొట్టుకుని అణగిపోతుంది. గాలి, తేమ తగిలితే పాడవడం దీని లోపం. ఏమైనా ఇవి యంత్రాల్లో ఒక భాగం గోల మరో భాగాన్ని చెడగొట్టకుండా వేసే తెరలు. మనుషులకు కట్టే తాయెత్తులు కావు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగాను. "పేస్‌మేకర్ టైటానియం డబ్బాలోనే ఉందమ్మా, కవచం దానితోనే వచ్చింది. ఫోన్‌ని దానికి ఆరంగుళాల దూరంలో ఉంచండి. అవతలివైపు చెవితో మాట్లాడమనండి. చొక్కా జేబులో మాత్రం పెట్టుకోకూడదు" అన్నారు.

చొక్కా జేబు! నాకు గుండె గుభేలుమంది. ఆడవాళ్లకు జేబేదీ? ఆపరేషన్‌కు ముందు అత్తయ్య ఫోన్ దోపుకునేది జాకెట్టులో, ఎడమవైపు! పేస్‌మేకర్ పెట్టిందీ అటే. పైగా కొన్ని కొత్త ఫోన్లలో అయస్కాంతాలు కూడా ఉంటున్నాయి, వాటికీ ఆ దూరం అవసరమే. మాకిచ్చిన కాగితంలోనూ చొక్కా జేబనే ఉంది గానీ జాకెట్టు మాట లేదు.

ఇంటికి రాగానే స్టిక్కరు పీకేశాను. ఫోన్‌కి చిన్న గుడ్డసంచీ కుట్టి మంచం పక్క మేకుకు తగిలించాను. మొన్న ఆదివారం అత్తయ్య కుడిచెవి దగ్గర ఫోన్ పెట్టుకుని కూతురితో ముప్పావుగంట మాట్లాడారు. మధ్యలో కాఫీ ఇవ్వబోతే చేత్తోనే వద్దన్నారు.

మీ ఇంట్లోనూ పేస్‌మేకర్ ఉన్న అమ్మో, అత్తగారో ఉంటే డాక్టర్ని తప్పక అడగండి. అంతకన్నా ముందు ఆవిడ ఫోన్ ఎక్కడ దోపుకుంటారో చూడండి.