రెంటచింతల ఎండ నుంచి గుల్మార్గ్ మంచుకు: మీకు తెలుసా?

ఎండ గురించి పల్నాటి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మే నెల వార్తల్లో రెంటచింతల పేరు వినపడకపోతే అసలు ఎండాకాలం వచ్చినట్టే ఉండదు. మంచు సంగతే మనకు కొత్త. సినిమా పాటల్లో చూసినంత తేలిగ్గా అది దొరకదు. డబ్బులు పెట్టి, సెలవులు కూడబెట్టుకుని అంత దూరం వెళ్లి, మంచు చూడకుండా తిరిగొచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల నుంచి ఈ చలికాలం బయల్దేరాలనుకునే వాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని ఇవి.

ఆంధ్రదేశంలో ఎక్కడా మంచు ఎందుకు కురవదు?

లెక్క చాలా చిన్నది. కిలోమీటరు ఎత్తుకు వెళ్తే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. జనవరిలో నరసరావుపేటలో రాత్రీ పగలూ కలిపి సగటు 24 డిగ్రీలు అనుకుందాం. అక్కడి నుంచి సున్నాకు దిగాలంటే దాదాపు 3,700 మీటర్లు పైకి పోవాలి. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 1,700 మీటర్లు కూడా లేదు. దక్షిణ భారతం మొత్తంలో ఎత్తయిన కేరళ ఆనముడి 2,695 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా చలి ముదిరే నెలల్లో మన దగ్గర ఆకాశం పొడిగా ఉంటుంది. చలి ఉన్నా కురవడానికి మబ్బు ఉండొద్దూ?

మరి లంబసింగి?

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిని ‘ఆంధ్రా కశ్మీర్’ అని పిలుస్తారు. ఊరు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పొగమంచు కమ్మేస్తుంది. బాగా చలిపెట్టిన రోజుల్లో గడ్డి మీది తేమ గడ్డకట్టి తెల్లగా పేరుకుంటుంది. అంతే తప్ప ఆకాశం నుంచి మంచు రాలదు. చూడదగ్గ చోటే, కాదనను. కానీ మంచులో ఆడుకోవచ్చని పిల్లలకు మాటిచ్చి లంబసింగి తీసుకెళ్తే, తిరుగు దారంతా వాళ్లకు జవాబు చెప్పుకోవాలి.

హైదరాబాద్‌లో మంచు ఉంది

లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో మొదలైన స్నో వరల్డ్‌లో సున్నాకు దిగువన ఉంచిన హాల్లో కృత్రిమ మంచు ఉంటుంది. కోటూ బూట్లూ వాళ్లే ఇస్తారు. హిమాలయాలకు ప్రయాణం పెట్టుకునే ముందు ఇంట్లో చలికి ఎవరు తట్టుకుంటారో, ఎవరు పది నిమిషాలకే బయటికి పరిగెత్తుతారో తేల్చుకోవడానికి ఇది చవకైన పరీక్ష.

బస చేసే ఊళ్లో మంచు ఉంటుందని ఎవరన్నారు?

మంచు యాత్రలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. శ్రీనగర్, మనాలి, సిమ్లా, గ్యాంగ్‌టక్... ఈ ఊళ్లు ప్రధానంగా పడుకోవడానికి, తినడానికి. మంచు పైన ఉంటుంది. శ్రీనగర్ ఎత్తు దాదాపు 1,600 మీటర్లు. మంచు చూడాలంటే 2,650 మీటర్ల గుల్మార్గ్‌కు ఎక్కాలి. మనాలి 2,050 మీటర్ల దగ్గర ఉంది. చాలా రోజులు మంచు సోలంగ్ లోయలోనో, అటల్ టన్నెల్ అవతల సిస్సూలోనో కనిపిస్తుంది. గ్యాంగ్‌టక్ 1,650 మీటర్లే. మంచు కోసం 3,753 మీటర్ల సొమ్‌గో సరస్సుకు వెళ్లాలి. సిమ్లా వీధుల్లో క్రిస్మస్ నాటికి మంచు పడటమన్నది అరుదు. పడితే అదే పెద్ద వార్త.

కాబట్టి హోటల్ బాల్కనీ నుంచి కనిపించే దృశ్యాన్ని ప్రకటనలో చూసి గది తీసుకోకండి. ఊరి ఎత్తు ఎంత, అక్కడి నుంచి పైకి ఒక్క రోజులో వెళ్లి రాగల చోటు ఎత్తు ఎంత, ఈ రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి. రెండో అంకె 2,500 దాటకపోతే ఆ ప్రయాణాన్ని మంచు యాత్ర అనకండి.

హిమాలయాల మంచు మధ్యధరా సముద్రం వైపు నుంచి వస్తుంది

మన వానలు తెచ్చే నైరుతి, ఈశాన్య రుతుపవనాలకు కశ్మీర్ చలికాలపు మంచుతో పెద్దగా సంబంధం లేదు. మధ్యధరా ప్రాంతంలో పుట్టి ఇరాన్, అఫ్గానిస్థాన్ మీదుగా తూర్పుకు వచ్చే అల్పపీడనాలే ఆ మంచుకు మూలం. వాతావరణ శాఖ వాళ్లు వీటిని పశ్చిమ కల్లోలాలు అంటారు. ఒకటి వచ్చి వెళ్లాక ఇంకొకటి వచ్చేదాకా నాలుగు రోజులు పట్టొచ్చు, మూడు వారాలూ పట్టొచ్చు. 2024 జనవరిలో గుల్మార్గ్ నెలలో చాలా భాగం గోధుమరంగు గడ్డితోనే కనిపించింది. స్కీయింగ్‌కు వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మంచు నెలాఖరుకు గానీ రాలేదు.

మిరప వేసిన రైతుకు ఇది కొత్త విషయం కాదు. వానను నమ్ముకున్న పనికి తేదీలు పెట్టలేం. మంచు యాత్రకూ అంతే. మూడు రోజులకు మూడు రోజులే పెట్టుకోకుండా ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. అయిదు ఊళ్లు తిప్పే ప్యాకేజీ కన్నా ఒకే ఊళ్లో అయిదు రాత్రులు ఉండటం మేలని నా అభిప్రాయం. మబ్బు పట్టిన రోజు ఊళ్లో తిరగొచ్చు, తెరిపి ఇచ్చిన రోజు పైకి పోవచ్చు.

సంక్రాంతి సెలవులు సరిగ్గా నడిచలిలో పడతాయి

కశ్మీరీలు చలికాలాన్ని మూడు భాగాలు చేసుకున్నారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజులు చిల్లై కలాన్, ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, చివరి పది రోజులు చిల్లై బచ్చా. మొదటి నలభై రోజుల్లో కుళాయిల్లో నీళ్లు గడ్డకడతాయి, దాల్ సరస్సు అంచులు బిగుసుకుంటాయి. మన భోగి మంటలు వెలిగేది ఈ నలభైలోనే. పిల్లల సెలవులకు, మంచుకు ఇలా ముడి కుదరడం అదృష్టమే. ఇంట్లో మిరపకోతలు ఉన్నవాళ్లకు మాత్రం ఇది కుదరదు. కాయ కోసి, కల్లాల్లో ఆరబెట్టి, గుంటూరు యార్డుకు తోలేసరికి హిమాలయాల్లో కింది చోట్ల మంచు కరగడం మొదలవుతుంది. వాళ్లు మార్చి దాటాక సొమ్‌గో, గ్యాంగ్‌టక్ పైనున్న నాథులా లాంటి బాగా ఎత్తయిన చోట్లే చూసుకోవాలి.

మూడు సాగర్ డ్యాముల ఎత్తున రైలు

పిడుగురాళ్ల, నడికుడి వాళ్లు పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లి అక్కడి నుంచి ఢిల్లీ బండి ఎక్కొచ్చు. నరసరావుపేట వాళ్లకు గుంటూరు, విజయవాడ దగ్గర. కశ్మీర్ వెళ్లేవాళ్లకు అసలు వింత జమ్మూ ప్రాంతంలోని కట్రా దాటాక మొదలవుతుంది. 2025 జూన్ 6న ప్రారంభించిన చీనాబ్ వంతెన నదికి 359 మీటర్ల ఎత్తున ఉంది. మాచర్ల పక్కనున్న నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. ఒకదాని మీద ఒకటిగా మూడు ఆనకట్టలు నిలబెడితే ఆ వంతెనను కాస్త దాటుతాయి. కట్రా నుంచి శ్రీనగర్ వెళ్లే వందేభారత్ బండికి నీళ్ల తొట్లు, పైపులు గడ్డకట్టకుండా వేడి చేసే ఏర్పాటు ఉంది. డ్రైవరు ముందున్న అద్దానికీ అంతే.

బండి ఎక్కేముందు ఒకటి చూసుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గుల్మార్గ్ గోండోలా టికెట్లు కూడా ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. అక్కడికి వెళ్లాక చూద్దాంలే అంటే దొరకవు. ఆ తీగబండి రెండో అంచె సుమారు 3,980 మీటర్ల దాకా మోసుకెళ్తుంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు.

సొరంగం ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు

మనాలికి పైన ఉన్న అటల్ టన్నెల్ పొడవు 9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబరు 3న తెరిచారు. అంతకుముందు చలికాలంలో 3,978 మీటర్ల రోహ్తాంగ్ కనుమ మూసుకుపోతే లాహౌల్ లోయకు రోడ్డు దారే ఉండేది కాదు. సొరంగం లోపల మంచు లేదు, నిజమే. కానీ దాని దాకా పోయే రోడ్డు మంచులోనే ఉంది. 2024 డిసెంబరులో క్రిస్మస్ ముందు సోలంగ్, సొరంగం మధ్య వందల వాహనాలు ఇరుక్కుంటే పోలీసులే దిగి జనాన్ని కిందికి తేవాల్సి వచ్చింది. రోడ్డు మీద గాజుపొరలా గడ్డకట్టిన నీరు కంటికి కనపడదు. మన కారు, మన డ్రైవరు అన్న ధీమా అక్కడ పనికిరాదు. స్థానిక టాక్సీ ఖర్చు దండగ కాదు.

పల్నాటి కారం ఒంటిని వెచ్చబరచదు

చలికి కాస్త కారం దట్టిస్తే సరిపోతుందని మనవాళ్లకు నమ్మకం. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద ఉండే ఒక గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. నిజమైన వేడికి, అంటే 43 డిగ్రీలకు అటూ ఇటూగా, స్పందించేది కూడా అదే. కారం తగిలినప్పుడు నోరు కాలినట్టు ఉండేది అందుకే. ఈ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో క్యాప్సైసిన్ సాయంతోనే పట్టుకుంది. 2021 వైద్య నోబెల్‌ను ఆయన ఆర్డెమ్ పటపూటియన్‌తో పంచుకున్నారు. మెదడు వేడి అనుకుంటుంది గనక చెమట పోయిస్తుంది, చర్మానికి రక్తం పంపుతుంది. రెండూ ఒంట్లో వేడిని బయటికి పంపే పనులే. గొడ్డుకారం వేసుకుని అన్నం తినండి, రుచికి. వెచ్చదనానికి మాత్రం ఉన్ని బట్టలే దిక్కు.

తిండి మాట వచ్చింది గనక మరో రెండు. గుల్మార్గ్ ఎత్తులో నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా అన్నం పలుకుగానే మిగులుతుంది. వేరుశనగ నూనెతో పెట్టిన పచ్చడి సున్నా దగ్గర పడేసరికి ముద్దకడుతుంది. నువ్వుల నూనె ఇంకా కింది దాకా జారుగానే ఉంటుంది. కొబ్బరినూనె సీసా గురించి చెప్పనే అక్కర్లేదు.

మంచులో కళ్లజోడు అలంకారం కాదు

కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. పచ్చగడ్డి పది శాతం కూడా తిప్పదు. ఎత్తుకు పోయేకొద్దీ ఈ కిరణాల తీవ్రత వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం పెరుగుతుంది. చలిగా ఉంది కదా అని ఎండను మరిచిపోతే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతాయి, గడ్డం కింద కూడా చర్మం కందుతుంది. రెంటచింతల ఎండకు ఆగినవాళ్లమన్న గొప్ప అక్కడ చెల్లదు.

ఒకే పొద్దున నాలుగు వేల మీటర్లు

గ్యాంగ్‌టక్ నుంచి 4,310 మీటర్ల నాథులాకు పర్మిట్ ఉంటేనే పంపుతారు. సోమ, మంగళవారాలు మూసి ఉంటుంది. అంత ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో పదింట ఆరు వంతులే. తలనొప్పి, వికారం మొదలైతే మొండికేయకుండా కిందికి దిగడమే మందు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లను డాక్టరును అడగకుండా ఎక్కించొద్దు. ఎత్తుకు ఒళ్లు మెల్లగా అలవాటు పడితే ఏ ఊరివాళ్లయినా పైకెక్కగలరు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కేశారు. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడేనాటికి పద్నాలుగేళ్లు నిండలేదు.

కుంపటి పక్కన నిద్ర

ఇది మాత్రం తప్పకుండా గుర్తుంచుకోవాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఏటా చలికాలంలో ఉత్తరాదిన దీనివల్ల ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పడుకునే ముందు ఆర్పేయాలి, లేదా బయట పెట్టాలి. కరెంటు దుప్పటి ఉన్న గది అడిగి తీసుకోండి.

కోటు కొనాలా?

వద్దు. గుల్మార్గ్ కింద తంగ్‌మార్గ్‌లో, మనాలి నుంచి సోలంగ్ పోయే దారిలో కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు వరసగా ఉంటాయి. ధర బేరమాడొచ్చు. వేలు పోసి కొన్న కోటును నరసరావుపేటలో ఏ జనవరిలో తొడుగుతారు? లోపల వేసుకునే ఉన్ని బనీను, రెండు జతల ఉన్ని సాక్సులు, నీళ్లు పీల్చని చేతితొడుగులు మాత్రం సొంతవి ఉండాలి. నూలు బట్ట తడిస్తే వెచ్చదనం పోతుంది. అద్దె బూట్లు తీసుకునేటప్పుడు కాలు పెట్టే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. ముందు రోజు వేసుకున్నవాళ్ల తడి ఆరకపోతే ఇంకో జత అడగండి.