డిగ్రీ స్థాయి ఆనర్స్ పరిశోధన, మార్గదర్శి ఎంపిక: కల్లూరు ఉల్లి ఆధారంగా ఒక పరిశీలన

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో వెలువరించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రంలో ‘పరిశోధనతో కూడిన ఆనర్స్’ పట్టాకు ప్రత్యేక స్థానం కల్పించింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం లేదా అంతకు మించి మార్కులు సాధించిన విద్యార్థి, నాలుగో ఏట ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసం సమర్పించవచ్చు. మొత్తం 160 క్రెడిట్లలో 12 క్రెడిట్లు ఆ వ్యాసానివే. వ్యవసాయ కళాశాలల మార్గం కొంత వేరు. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐదవ డీన్ల కమిటీ సిఫార్సుల ప్రకారం బి.ఎస్సీ. ఆనర్స్ వ్యవసాయ విద్యార్థి చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవానికి, మరొకటి అనుభవాత్మక అభ్యసనానికి కేటాయిస్తాడు. ఒక్కొక్కదానికి 20 క్రెడిట్లు. అదే ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమంలో విద్యార్థి ప్రాజెక్టు కూడా ఒక అంగమే అయినా, ఆచరణలో దానికి దక్కే శ్రద్ధ తక్కువ. పల్లెలో గడిపే నెలలు దినచర్య పుస్తకంతోనే ముగిసిపోవడం పరిపాటి అయింది. నిజానికి ఒక సిద్ధాంత వ్యాసానికి కావలసిన పొలం, రైతు, పంటకాలం మూడూ ఆ నెలల్లో విద్యార్థి కళ్లెదుటే ఉంటాయి. లోపించేవి రెండే: ఒక ప్రశ్న, ఆ ప్రశ్నను సానబట్టే ఒక గురువు.

ఈ రెండూ ఎలా సమకూరుతాయో పరిశీలించడానికి కర్నూలు పొరుగున ఉన్న కల్లూరు మండలం అనువైన స్థలం. హంద్రీ నదికి ఒక ఒడ్డున కర్నూలు పాతపట్టణం, మరో ఒడ్డున కల్లూరు. మండలంలో కొంత భాగం ఇప్పటికే నగరపాలక సంస్థలో కలిసిపోయింది. మిగిలిన పల్లెల్లో వాన మీద ఆధారపడిన సేద్యమే ఎక్కువ. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వార్షిక వర్షపాతం 670 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. పత్తి, కంది, ఆముదం, వేరుశనగలతో పాటు ఈ ప్రాంతపు రైతును ఒక ఏడు గట్టెక్కించి మరో ఏడు ముంచే పంట ఉల్లి. జూన్, జులైలలో వేసిన ఉల్లి సెప్టెంబరు, అక్టోబరులలో, అంటే వానలు ఇంకా వెనుదిరగని రోజుల్లోనే, కోతకు వస్తుంది. గడ్డలో తేమ ఎక్కువ, నిల్వ గుణం తక్కువ. అందువల్ల తవ్విన సరుకు తవ్వినట్లే కర్నూలు మార్కెట్ యార్డుకు చేరుతుంది. అందరి సరుకూ ఒకేసారి వచ్చిపడితే ధర ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

ఇటువంటి చోట విద్యార్థికి తట్టే తొలి ఆలోచన ‘కర్నూలు జిల్లాలో ఉల్లి సాగు, మార్కెటింగు సమస్యలు’ వంటి శీర్షికగా ఉంటుంది. అది ఒక ప్రభుత్వ శాఖ కొన్నేళ్లు చేయవలసిన పని. ఒక సెమిస్టరుకు, ఒక విద్యార్థికి సరిపడే పని కాదు. ‘ఖరీఫ్ ఉల్లిని పీకిన తరువాత ఆరబెట్టే పద్ధతిని మారిస్తే రెండు నెలల నిల్వలో బరువు నష్టం ఎంత మారుతుంది?’ అని అడిగితే మాత్రం అది చేయదగిన పని. ప్రయోగశాల అక్కరలేదు. వేలాడే తూకం, వల సంచులు, గాలి ఆడే కొట్టం, ఓపిక ఉంటే చాలు.

ప్రశ్న చిన్నదైనంత మాత్రాన ప్రయోగం సులువు కాదు. నాలుగు పద్ధతులను పోల్చాలనుకుందాం: పీకిన రోజే ఆకు కోసి సంచికెత్తడం, ఆకుతో సహా పొలంలో మూడు రోజులు ఆరనివ్వడం, పొలంలో మూడు రోజులు, ఆపై నీడలో వారం రోజులు ఉంచడం, నేరుగా నీడలో పది రోజులు ఉంచడం. ఒకే రైతు దగ్గర ఇరవై సంచులు తీసుకుని, పద్ధతికి అయిదు చొప్పున పంచి, ‘అయిదు పునరావృత్తులు’ అని రాసుకోవడం అత్యంత సాధారణంగా కనిపించే పొరపాటు. అక్కడ పునరావృత్తమైంది సంచి మాత్రమే, పొలం కాదు. ఆ రైతు వేసిన నత్రజని, కట్టిన చివరి తడి, ఆ చేని నేల స్వభావం ఇరవై సంచుల్లోనూ ఒక్కటే. ఫలితం ఆ ఒక్క చేనికే వర్తిస్తుంది. అయిదుగురు రైతులను ఎంచుకుని, ఒక్కొక్కరి సరుకులో నాలుగు పద్ధతులనూ పాటిస్తే ప్రతి రైతూ ఒక బ్లాకు అవుతాడు. అప్పుడు దోషానికి మిగిలే స్వాతంత్ర్య పరిమాణాలు మూడును నాలుగుతో గుణించగా వచ్చే 12. గణాంక శాస్త్ర అధ్యాపకులు కనీసంగా కోరేది సాధారణంగా అంతే. ముగ్గురు రైతులతో సరిపెట్టుకుంటే అది 6కు పడిపోతుంది. పద్ధతుల మధ్య నిజమైన తేడా ఉన్నా దానిని గుర్తించే శక్తి ఆ ప్రయోగానికి చాలకపోవచ్చు.

సంచికి పది కిలోల చొప్పున ఇరవై సంచులు. తొలి తూకం, ఆపై ఎనిమిది వారాల తూకాలు కలిపి మొత్తం 180 తూకాలు. ఇంతవరకు చురుకైన విద్యార్థి ఎవరైనా సొంతంగా రాగలడు. అసలు చిక్కు తొలి తూకంలో ఉంది. ఆరిన తరువాత తూచడం మొదలుపెడితే, ఆరేటప్పుడు పోయిన నీరు లెక్కలోకే రాదు. ఆరబెట్టిన సంచులు లేని గొప్ప తెచ్చుకుంటాయి. పీకిన వెంటనే తూస్తే ఒక పద్ధతిలో ఆకు ఉండదు, తక్కిన వాటిలో ఉంటుంది. రైతుకు మాత్రం పీకిన నాటి బరువే ముఖ్యం, ఎందుకంటే ఆనాడు అమ్ముకునే అవకాశాన్ని అతడు వదులుకుంటున్నాడు. ప్రతి చేనిలోనూ కొన్ని గడ్డలను విడిగా తీసి, ఆకుతోనూ ఆకు లేకుండానూ తూచి, ఆ నిష్పత్తితో అన్ని సంచులకూ పీకిన నాటి గడ్డ బరువును లెక్కగట్టడం దీనికి ఒక పరిష్కారం. కుళ్లిన గడ్డ బరువును, మొలకెత్తిన గడ్డ బరువును, నీరు ఆవిరై తగ్గిన బరువును వేర్వేరు గడుల్లో నమోదు చేయాలన్నది కూడా మొదటి రోజునే నిర్ణయించుకోవలసిన విషయం. నల్లబూజు పట్టిన గడ్డను మూడో వారంలో పారవేసి, ఆ సంగతి రాయడం మరచిపోతే ఆ సంచి లెక్క ఇక సరిచేయరానిది.

మార్గదర్శి అవసరం ఇక్కడే తెలుస్తుంది. సంతకం కోసం కాదు. ‘తొలి తూకం ఎప్పుడు?’ అని అడగడం కోసం. ఆ ప్రశ్న పంట పీకక ముందు వస్తే ప్రయోగం నిలుస్తుంది, మౌఖిక పరీక్షలో బయటి పరీక్షకుని నోట వస్తే వ్యాసం కూలుతుంది.

మంచి మార్గదర్శిని ఎంచుకునేటప్పుడు విద్యార్థులు పేరు ప్రతిష్ఠలనో, మార్కులు ధారాళంగా వేస్తారన్న వదంతినో ఆధారం చేసుకోవడం కద్దు. అంతకంటె ఆ అధ్యాపకుడు ఇటీవల ఏ పని మీద పొలాలకు వెళుతున్నారు, ఆయన దగ్గర పూర్వం పనిచేసిన విద్యార్థుల వ్యాసాలు ఏ దశలో ఆగిపోయాయి, చిత్తుప్రతి ఇస్తే ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది అన్నవి పై తరగతి విద్యార్థులను అడిగి తెలుసుకోవడం మేలు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలను భద్రపరిచే ‘కృషికోశ్’ భాండాగారంలో గైడు పేరుతో వెతికితే ఆయన ఏయే పనులు చేయించారో తెలిసిపోతుంది. ఆ తరువాతే వెళ్లి కలవాలి. ‘ఏదైనా టాపిక్ ఇవ్వండి సార్’ అని వచ్చిన విద్యార్థికి అధ్యాపకుడు తన పథకంలో మిగిలిపోయిన ఒక ముక్కను ఇస్తాడు. దానిలో తప్పేమీ లేదు. ఒక నడుస్తున్న పథకంలో చేరిన విద్యార్థికి పరికరాలు, పాత దత్తాంశం ఉచితంగా దొరుకుతాయి కూడా. కాకపోతే ఆ ప్రశ్న తనది కాదు. ప్రశ్న, పద్ధతి, స్థలం, కాలం, ఖర్చు ఒకే పుటలో రాసుకుని వెళ్లిన విద్యార్థికి ఆ పుట నిండా ఎర్రసిరాతో దిద్దుబాట్లు లభిస్తాయి. ఆ దిద్దుబాట్ల విలువ అంగీకారం కంటె ఎక్కువ.

మార్గదర్శి దొరకడం ఒక్కోసారి యాదృచ్ఛికం. 1930ల చివర మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్ర విద్యార్థి అయిన నార్మన్ బోర్లాగ్, కుంకుమ తెగులు మీద ఎల్విన్ స్టాక్‌మన్ చేసిన ఉపన్యాసం విని మొక్కల తెగుళ్ల శాస్త్రం వైపు మళ్లాడు. శాఖ వేరైనా వెళ్లి వినడం వల్లనే అది సాధ్యపడింది.

కల్లూరు విద్యార్థికీ శాఖల గోడ అడ్డు వస్తుంది. ఉల్లి ఉద్యాన పంట. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం మహానందిలో వ్యవసాయ కళాశాలను, నంద్యాలలో 1906లో మొదలైన ప్రాంతీయ పరిశోధన స్థానాన్ని నడుపుతున్నది. ఆ స్థానం శనగ, కొర్ర, పత్తి రకాలకు పెట్టింది పేరు. ఉద్యాన పంటల పరిశోధన మాత్రం వెంకటరామన్నగూడెం కేంద్రంగా 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయానిది. దాని పరిశోధన స్థానమూ మహానందిలోనే ఉంది. కళాశాలలో ప్రధాన మార్గదర్శి, ఉద్యాన పరిశోధన స్థానంలో సహ మార్గదర్శి అన్న ఏర్పాటు జరగాలంటే రెండు సంస్థల మధ్య ఉత్తరం నడవాలి. అది ఎప్పుడూ అనుకున్న దానికంటె ఆలస్యమే. క్షేత్రంలో రైతులను పరిచయం చేయడానికి కర్నూలు ఏరువాక కేంద్రం, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు ఉన్నారు. ఉల్లి సెప్టెంబరులో పీకుతారు కనుక ఈ పరిచయాలన్నీ మూడో ఏడాది మార్చి, ఏప్రిల్‌లలోనే మొదలు కావాలి. సెమిస్టరు తెరిచాక గైడు కోసం వెతికే విద్యార్థికి పంట ఆగదు.

ఇక రైతు సంగతి. ఒక్కొక్క రైతు ఇచ్చే సరుకు 40 కిలోలు. ఆరో వారంలో యార్డులో ధర ఎగబాకితే ఆ సంచులను అమ్ముకోవాలని అతడు అనుకోవడం సహజం. అది అతని హక్కు. దీనికి మార్గం ముందే రాసుకున్న ఒప్పందం: సరుకును తొలి రోజు ధరకు కొనడమో, నష్టపరిహారం ముందే నిర్ణయించడమో. 200 కిలోల సరుకు ఖర్చు ఎవరు భరించాలన్నది విద్యార్థి మార్గదర్శితో మొదటి సమావేశంలోనే తేల్చుకోవాలి. ఈ మాట ఎత్తడానికి విద్యార్థి సంకోచిస్తాడు కనుక అధ్యాపకుడే ఎత్తడం ఉచితం. ప్రశ్నావళి విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. సీమలో ‘ఎర్రగడ్డ’ అనే మాట వాడుకలో ఉన్నచోట ‘ఉల్లిపాయల కోతానంతర నష్టాలు’ అని అడిగితే జవాబు మర్యాదకే వస్తుంది.

ఆరబెట్టే మూడు రోజుల్లో వాన పడితే ఏమవుతుంది? పొలంలో ఆరిన సంచులు దెబ్బతింటాయి. దానిని ప్రయోగం చెడినట్లు భావించి ఆ చేనిని లెక్కల నుంచి తొలగించాలన్న కోరిక కలుగుతుంది. వానలో కోత అన్నదే ఖరీఫ్ ఉల్లి సమస్య అయినప్పుడు, వాన పడిన చేనిని తీసివేస్తే మిగిలేది రైతుకు పనికిరాని సగటు. ఆ రోజుల వర్షపాతాన్ని వ్యాసంలో పట్టికగా ఇచ్చి, ఆ చేనితో కలిపి, అది లేకుండా రెండు విధాలా విశ్లేషణ చూపడం నిజాయతీ గల పద్ధతి. నాలుగు పద్ధతుల మధ్య సార్థకమైన తేడా రాకపోయినా అది ఫలితమే. ‘తేడా లేదు’ అని రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించే అలవాటును కళాశాలలు వదులుకోవాలి. అది ఉన్నంతకాలం తూకాల పుస్తకంలో అంకెలు దిద్దుకోవాలన్న ప్రలోభం కూడా ఉంటుంది.

రచన దశలో చెప్పవలసింది కొద్దే. సామగ్రి, పద్ధతులు అన్న అధ్యాయాన్ని తూకాలు సాగుతుండగానే రాయాలి, పీఠికను చివర రాయాలి. శాతాలు సున్నాకు దగ్గరగా ఉన్న కుళ్లు వంటి దత్తాంశాన్ని కోణీయ పరివర్తన చేసి విశ్లేషించాలి. చర్చలో ఒక చిన్న లెక్క తప్పక ఉండాలి. నిల్వలో నూరు కిలోలకు పాతిక పోతే, పీకిన నాడు అమ్మినంత రాబడి రావడానికి ధర మూడో వంతు పెరగాలి. పది పోతే తొమ్మిదో వంతు పెరిగితే చాలు. కొట్టం అద్దె, కూలి, సంచుల ఖర్చు దీనికి అదనం. ఏ పద్ధతి ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడ నిలిచిందో చెప్పగలిగితే వ్యాసం రైతు అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చినట్లే.

మౌఖిక పరీక్ష సాధారణంగా ఎండాకాలంలో పడుతుంది. ఆ అయిదుగురు రైతులు మరుసటి పంటకు విత్తనం కొనేది కూడా ఇంచుమించు అప్పుడే. వ్యాసం ప్రతి గ్రంథాలయానికి చేరే లోపల, వారి వారి చేల అంకెలతో ఒక పుట తెలుగులో రాసి, మార్గదర్శితో కలిసి వెళ్లి చేతికి ఇచ్చి రావడానికి ఒక రోజు పడుతుంది.